రసీదు లేని కొనుగోలు: ఉత్తర తెలంగాణలో వినియోగదారుల ఉద్యమం



వినియోగదారుల హక్కుల ప్రస్తావన వచ్చినప్పుడు పట్టణాల దుకాణాలు, గడువు దాటిన మందులు, కల్తీ నూనెలు, నెల తిరగకుండానే పాడైన ఫ్రిజ్‌లు చర్చకు రావడం పరిపాటి. అవన్నీ ముఖ్యమైనవే. అయితే ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలలో ఈ ఉద్యమం ఎంత దూరం వచ్చిందో, ఎక్కడ ఆగిపోయిందో తెలుసుకోవాలంటే విత్తనాల దుకాణం ముందు నిలబడి చూడవలసి ఉంటుంది. ఈ ప్రాంతపు వ్యవసాయ కుటుంబాలు ఏడాది పొడుగునా చేసే కొనుగోళ్లలో అన్నిటికంటే ఎక్కువ నమ్మకం పెట్టి, అన్నిటికంటే తక్కువ పరీక్షించి కొనేది విత్తనమే; అది చెడితే సరుకు ధరతో పాటు దుక్కి ఖర్చు, కూలీలు, ఎరువులు, తెచ్చిన అప్పు మీద వడ్డీ, చివరికి తిరిగి రాని ఒక వానకాలం కూడా పోతాయి. ఈ కొనుగోలుదారుకు చట్టం రక్షణ కల్పించి చాలా కాలమైనా ఆ రక్షణ అతని దాకా రావడం లేదంటే, దానికి ప్రధాన కారణం కొన్నట్టు రుజువు చేసే కాగితం అతని చేతిలో లేకపోవడమే.

కొనేవారు సంఘటితం కావాలన్న ఆలోచన ఇంగ్లండులో పందొమ్మిదో శతాబ్దంలో రూపు దిద్దుకొన్నది. 1844లో రోచ్‌డేల్ పట్టణంలో కొందరు నేత కార్మికులు, చేతివృత్తుల వారు తలా కొంత సొమ్ము వేసుకొని, కల్తీ లేని పిండి, వెన్న, చక్కెర సరైన తూకంతో అమ్మే సొంత దుకాణం తెరిచారు. సహకార ఉద్యమానికి పునాదిగా పేరుపొందిన ఆ దుకాణం, వినియోగదారుల ఉద్యమానికి కూడా తొలి మెట్టు అని చెప్పవచ్చు. అమెరికాలో మాంసం కర్మాగారాల దుస్థితిని అప్టన్ సింక్లెయిర్ నవల లోకానికి తెలియజేసిన 1906లోనే ఆహార, ఔషధాల కల్తీని అరికట్టే చట్టం వచ్చింది. 1962 మార్చి 15న అధ్యక్షుడు జాన్ కెనడీ ఆ దేశపు చట్టసభకు పంపిన సందేశంలో భద్రత పొందే హక్కు, సమాచారం తెలుసుకొనే హక్కు, ఎంచుకొనే హక్కు, తన మాట వినిపించే హక్కు అనే నాలుగింటిని ప్రకటించారు. మార్చి 15ను ప్రపంచ వినియోగదారుల హక్కుల దినంగా పాటించడానికి కారణం అదే. 1985లో ఐక్యరాజ్యసమితి వినియోగదారుల రక్షణకు మార్గదర్శకాలను ఆమోదించింది.

భారతదేశంలో 1966లో బొంబాయిలో మొదలైన కన్స్యూమర్ గైడెన్స్ సొసైటీ, 1970లలో పుణెలో పుట్టిన గ్రాహక్ పంచాయత్, తెలుగు నేల మీద విశాఖ కన్స్యూమర్స్ కౌన్సిల్, 1978లో అహ్మదాబాద్‌లో ఏర్పడిన వినియోగదారుల పరిశోధనా సంస్థ ఈ భావనకు ప్రచారం తెచ్చాయి. అప్పటికే కల్తీని నిరోధించే 1954 నాటి చట్టం, నిత్యావసర సరుకుల మీద 1955 నాటి చట్టం, తూనికలు కొలతల చట్టాలు అమలులో ఉన్నాయి గాని, వాటన్నిటిలో ఒక లోపం ఉండేది. వాటి కింద కేసు పెట్టేది అధికారి, శిక్ష పడేది వ్యాపారికి, జరిమానా చేరేది ఖజానాకు. మోసపోయిన మనిషికి మాత్రం దక్కేది ఏమీ లేదు. 1986 డిసెంబరు 24న రాష్ట్రపతి ఆమోదం పొందిన వినియోగదారుల రక్షణ చట్టం ఈ వరుసను మార్చి, నష్టపోయిన వ్యక్తే స్వయంగా ఫిర్యాదు చేసి, పరిహారం తానే అందుకొనే మార్గం ఏర్పరచింది. జిల్లా స్థాయిలో జడ్జి హోదాకు తగిన అధ్యక్షుడు, కనీసం ఒక మహిళతో కలిపి ఇద్దరు సభ్యులు ఉండే ఫోరం, దాని మీద రాష్ట్ర కమిషన్, ఆపైన జాతీయ కమిషన్ అన్న మూడంచెల ఏర్పాటు చేసి, మొదట్లో లక్ష రూపాయల లోపు తగాదాలను జిల్లా ఫోరంకు అప్పగించారు. వకీలు లేకుండా కూడా వాదించుకొనే వీలుండడం, తొలి రోజులలో రుసుము లేకపోవడం వల్ల సామాన్యుడు కోర్టు గుమ్మం తొక్కడానికి పడే బెరుకు కొంత తగ్గింది.

చట్టం రాకముందు కూడా ఉత్తర తెలంగాణలో ఈ పోరు వేరే రూపాలలో సాగుతూనే ఉంది. శేరు, మానెడు, కుంచెడు, తూమెడు వంటి కొలతలు ప్రాంతానికొక తీరుగా ఉన్న రోజులలో కొనేవాడి కొలత ఒకటి, అమ్మేవాడి కొలత మరొకటి కావడం, ఆ తేడా ఎప్పుడూ బలహీనుడి మీదే పడడం జనానికి అనుభవమే. హైదరాబాద్ రాజ్యంలో 1930లో వచ్చిన వ్యవసాయ మార్కెట్ల చట్టం కాంటాను, అడ్తిని, అంటే దళారి తీసుకొనే కమీషన్‌ను, సర్కారు నియంత్రణ కిందికి తేవడానికి జరిగిన తొలి ప్రయత్నాలలో ఒకటి. జమ్మికుంట, ఆదిలాబాద్ పత్తి మార్కెట్లలో నేటికీ వినిపించే కడ్తా మాట, అంటే తేమ, చెత్త, నమూనా అన్న పేర్లతో తూకంలో కోసేసే భాగం, ఆ పాత తగాదాకు కొనసాగింపే. ఇక్కడ రైతు అమ్మేవాడు కాబట్టి దీనిని వినియోగదారుల సమస్యగా పుస్తకాలు లెక్కించవు గాని, తూకం ఎవరి చేతిలో ఉంటే న్యాయం వారి వైపు ఒరుగుతుందన్న సంగతిని ఈ ప్రాంతం నేర్చుకొన్నది ఆ యార్డులలోనే.

ఆదిలాబాద్ అడవులలో పరిస్థితి మరీ కఠినంగా ఉండేది. 1940లో జోడేఘాట్‌లో గోండు నాయకుడు కొమురం భీం అమరుడైన తరువాత ఆ ప్రాంతానికి వచ్చిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్, గోండులు భూములు కోల్పోవడాన్ని, వడ్డీ వ్యాపారులకు, వర్తకులకు వారు లొంగిపోవలసి వచ్చిన తీరును తన నివేదికలలో నమోదు చేశారు. అప్పు ఇచ్చేది, ఉప్పు, బట్ట అమ్మేది, పంట కొనేది ఒకే వ్యక్తి అయినప్పుడు ధర అడిగే ధైర్యం ఎవరికీ ఉండదు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ ఆదివాసీ గూడేలకు చేరువలో నిత్యావసర సరుకుల డిపోలు పెట్టి, అటవీ ఉత్పత్తులను తానే కొనడం వెనక ఉన్న ఉద్దేశం ఆ ముప్పేట బంధాన్ని తెంచడమే.

సహకార రంగంలో ఈ ప్రాంతం దేశానికి చూపగలిగిన ఉదాహరణలు రెండున్నాయి. మొదటిది ముల్కనూరు. 1956లో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి చొరవతో అప్పటి కరీంనగర్ జిల్లా భీమదేవరపల్లి ప్రాంతంలో మొదలైన ఆ సహకార పరపతి, మార్కెటింగ్ సంఘం సభ్యులకు అప్పు ఇస్తుంది, విత్తనాలు, ఎరువులు అమ్ముతుంది, వారి పంటను కొని శుద్ధి చేసి మార్కెట్‌కు పంపుతుంది. పైన చెప్పిన వర్తకుడి మూడు పనులూ ఇక్కడ కూడా ఒకే చోట జరుగుతాయి, కానీ దుకాణానికి యజమాని కొనేవాడే కావడం వల్ల ఇచ్చిన ప్రతి సంచీ, వసూలు చేసిన ప్రతి పైసా పుస్తకంలో కనిపించక తప్పదు. ఆ ఊరి స్ఫూర్తితోనే 2000లో మహిళల పాల సహకార సంఘం కూడా మొదలైంది. రెండవది 1970లో పని ప్రారంభించిన సిరిసిల్ల సహకార విద్యుత్ సరఫరా సంఘం. జనం నోట సెస్ అని పిలిపించుకొనే ఈ సంస్థలో కరెంటు వాడుకొనేవారే వాటాదారులు, వారే ఓటు వేసి పాలకవర్గాన్ని ఎన్నుకొంటారు. పాలకవర్గం పనితీరు నచ్చకపోతే దించే అధికారం బిల్లు కట్టేవారికి ఉండడం విద్యుత్ రంగంలో అరుదైన విషయం. ఇటువంటి సంఘాలు ఊరూరా విస్తరించి ఉంటే ఈ ప్రసంగానికి అవసరమే తక్కువగా ఉండేది. విస్తరించలేదు కాబట్టి మిగిలిన ఊళ్ల రైతులకు దిక్కు ప్రైవేటు దుకాణమే అయింది.

ఇక విత్తనం సంగతి. బీటీ పత్తికి, అంటే కాయతొలుచు పురుగును తట్టుకొనే జన్యువును చొప్పించిన పత్తికి, 2002 మార్చిలో కేంద్రం అనుమతి ఇచ్చిన తరువాత ఆదిలాబాద్ నల్లరేగళ్లలో పాత రకాలు చాలా వేగంగా కనుమరుగయ్యాయి. సంకర విత్తనం కావడం వల్ల పండిన పత్తి గింజను మళ్లీ విత్తితే అదే పంట రాదు, కాబట్టి ప్రతి ఏడూ కొనక తప్పదు. అంతకుముందు ఇంటి గుమ్మిలోనో పక్కవాడి దగ్గరో దొరికిన విత్తనం ఆ విధంగా పూర్తిగా బజారు సరుకైపోయింది.

ఆ ప్యాకెట్‌ను ఒకసారి పరిశీలించడం అవసరం. 450 గ్రాముల బీటీ గింజలు, వాటితో పాటు పొలం అంచున విత్తడానికి 120 గ్రాముల బీటీయేతర గింజల చిన్న పొట్లం, పైన రకం పేరు, లాట్ నంబరు, మొలక శాతం, స్వచ్ఛత, పరీక్ష జరిపిన తేదీ, చెల్లుబాటు గడువు, గరిష్ఠ ధర ఉండేవి. లాట్ అంటే ఒకే విడతలో శుద్ధి చేసి, పరీక్షించి నింపిన విత్తన రాశి. ఒక ప్యాకెట్ లోపాన్ని కంపెనీ గిడ్డంగి దాకా వెనక్కి పట్టుకుపోగలిగిన ఆధారం ఆ నంబరు ఒక్కటే. మృగశిర కార్తెలో వాన పడగానే అచ్చు తోలి, కూలీలు వరుసలో నడుస్తూ గింజలు పెట్టే హడావుడిలో ఆ ప్యాకెట్‌ను గట్టు మీదే చింపి పారేస్తారు. వారం పది రోజులలో మొలక రాకపోతే లోపం తెలుస్తుంది, పోగుంటలు పెట్టి, అంటే మొలవని చోట మళ్లీ గింజలు వేసి, కొంతైనా సరిదిద్దుకోవచ్చు. కానీ విత్తనంలో బెరుకులు ఉంటే, అంటే వేరే రకం గింజలు కలిసి ఉంటే, ఆ సంగతి పూత దశలోనో కాయ దశలోనో గాని బయటపడదు. అప్పటికి గింజ ఒక్కటీ మిగలదు, ప్యాకెట్ ఏనాడో వానకు కొట్టుకుపోయి ఉంటుంది.

విత్తన కంపెనీలు ఫోరంలలో మొదటినుంచీ ఆసరా చేసుకొన్నది ఈ పరిస్థితినే. వినియోగదారుల చట్టం ప్రకారం సరుకులోని లోపం పరీక్ష లేకుండా తేలనిదైతే దాని నమూనాను ప్రయోగశాలకు పంపాలి. నమూనా ఇవ్వలేని రైతు ఫిర్యాదు చెల్లదన్నది వారి వాదన. 1998లో ఆంధ్రప్రదేశ్‌కు చెందిన పొద్దుతిరుగుడు రైతుల కేసులో సుప్రీంకోర్టు దీనిని తోసిపుచ్చింది. ఉన్న విత్తనమంతా విత్తిన రైతు నమూనా ఎక్కడి నుంచి తెస్తాడని, పరీక్ష కావాలంటే తన దగ్గరున్న విత్తనాన్ని పంపమని కోరే అవకాశం కంపెనీకే ఉన్నదని కోర్టు భావించింది. విత్తన నిబంధనల ప్రకారం అమ్మకందారు ప్రతి లాట్‌కు సంబంధించిన వివరాలను మూడేళ్ల పాటు, నమూనాను నిర్ణీత కాలం పాటు దాచి ఉంచవలసిందే కాబట్టి ఆ భారాన్ని రైతు మీద మోపడం అన్యాయమన్నది సహేతుకమైన అభిప్రాయం. ఆ తరువాత మండల వ్యవసాయ అధికారి, పరిశోధనా కేంద్రాల శాస్త్రవేత్తలు పొలం చూసి ఇచ్చే నివేదికలకు ప్రాముఖ్యం పెరిగింది. జగిత్యాల దగ్గరి పొలాస పరిశోధనా స్థానం, ఆదిలాబాద్ పత్తి పరిశోధనా స్థానం వంటి సంస్థలు రైతుకు నాట్ల సలహాలతో పాటు ఇటువంటి సాక్ష్యానికి కూడా ఆధారమయ్యే స్థితి అలా ఏర్పడింది.

రెండవ అభ్యంతరం మరింత మౌలికమైనది. వాణిజ్య ప్రయోజనం కోసం కొన్నవారు చట్టం దృష్టిలో వినియోగదారులు కారు. రైతు పంట పండించి అమ్ముకొంటాడు కాబట్టి అతనికి ఫోరంలో చోటు లేదని కంపెనీలు వాదించాయి. స్వయం ఉపాధితో బతుకుదెరువు కోసం కొన్న వస్తువుకు ఈ మినహాయింపు వర్తించదని 1993 సవరణ స్పష్టం చేసినా వాదన ఆగలేదు. ఆంధ్రప్రదేశ్‌లోని వివిధ జిల్లాల రైతులకు, జాతీయ విత్తన సంస్థకు మధ్య నడిచిన కేసులలో 2012 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ చర్చకు ముగింపు పలికింది. రైతు వినియోగదారుడేనని, 1966 నాటి విత్తనాల చట్టంలో రైతుకు నష్టపరిహారం ఇప్పించే ఏర్పాటు లేదు కాబట్టి అది ఫోరం తలుపులు మూయజాలదని, ఒప్పందంలో మధ్యవర్తిత్వపు షరతు ఉన్నా ఈ పరిహార మార్గం అదనంగా అందుబాటులో ఉంటుందని న్యాయస్థానం తేల్చింది.

ఆ తీర్పులో కరీంనగర్‌కు నేరుగా తగిలే భాగం ఒకటి ఉంది. విత్తన సంస్థకు విత్తనాలు పండించి ఇచ్చే రైతుల సంగతి అది. సంస్థ తానే రైతులను ఎంచుకొని, మూల విత్తనాన్ని ధరకు అమ్మి, తన నిపుణుల పర్యవేక్షణలో పండింపజేసి, పంటంతా తానే కొంటానన్నప్పుడు, ఆ రైతు బజారులో స్వేచ్ఛగా అమ్ముకొనే వ్యాపారి కాడని, అతనూ వినియోగదారుడేనని కోర్టు వివరించింది. హుజూరాబాద్, జమ్మికుంట, శంకరపట్నం ప్రాంతాలలో యాసంగిలో విస్తారంగా సాగే సంకర వరి విత్తనోత్పత్తి, రైతుల మాటలో ఆడమగ వరి, అచ్చంగా ఈ పద్ధతిలోనే నడుస్తుంది. మగ వరుసలు, ఆడ వరుసలు వేరువేరుగా నాటి, రెండూ ఒకేసారి పూతకు వచ్చేలా చూసుకొని, పూత సమయంలో పొద్దున పూట ఇద్దరు చెరో గట్టున నిలబడి తాడుతో పైరును ఊపుతూ పుప్పొడిని ఆడ వరుసల మీదికి రాలుస్తారు. పూతలు కలవకపోయినా, ఇచ్చిన మూల విత్తనంలో బెరుకులు ఉన్నా ఆ శ్రమంతా వృథా. అయినా కంపెనీకి, రైతుకు నడుమ ఆర్గనైజర్ అనే మధ్యవర్తి ఉండడం, ఒప్పందం నోటిమాటగానో, రైతుకు ప్రతి ఇవ్వని సంతకాల కాగితంగానో మిగలడం ఇక్కడ తరచుగా కనిపించే సంగతి. అత్యున్నత న్యాయస్థానం గుర్తించిన హక్కు తన పొలానికి వర్తిస్తుందని నిరూపించుకోవడానికి కావలసిన ఒప్పంద పత్రం మాత్రం ఆ రైతు దగ్గర ఉండదు.

ధర విషయంలో ఉద్యమం సాధించిన విజయం ఒకటి ఇక్కడ చెప్పుకోదగినది. బీటీ పత్తి ప్యాకెట్ 1,600 రూపాయలు, అంతకు పైన పలుకుతున్న రోజులలో అందులో 1,250 రూపాయలు జన్యు సాంకేతికతకు రాయల్టీ కింద పోయేవి. 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దీని మీద గుత్తాధిపత్య, నిర్బంధ వాణిజ్య పద్ధతుల కమిషన్‌ను ఆశ్రయించింది. వ్యాపార సంస్థలు మార్కెట్‌పై తమకున్న పట్టును దుర్వినియోగం చేయకుండా చూడడం అప్పట్లో ఆ కమిషన్ పనిగా ఉండేది. ఆ ఏడాది మే నెలలో కమిషన్ రాయల్టీ తగ్గించమని మధ్యంతర ఉత్తర్వు ఇవ్వడం, రాష్ట్రం ప్యాకెట్ ధరను 750 రూపాయలకు పరిమితం చేయడం, 2007లో పత్తి విత్తనాల ధరలపై రాష్ట్ర చట్టం రావడం, చివరకు 2015లో కేంద్రమే ధరల నియంత్రణ ఉత్తర్వు తేవడం వరుసగా జరిగాయి. రైతు సంఘాలు, ప్రభుత్వం ఒకే వైపు నిలబడినప్పుడు ఎంత సాధ్యమో ఈ ఉదంతం చూపింది. ఒక్కో రైతు ఒంటరిగా అడగవలసి వచ్చే నాణ్యత విషయంలో అటువంటి విజయం రాలేదు.

దానికి మూలం ఉద్దెరలో ఉంది. చేతిలో డబ్బు లేని రైతు వానకాలం మొదట్లో విత్తనం, ఎరువు, మందులు దుకాణంలో ఉద్దెరకు తెచ్చుకొని, పంట వచ్చాక వడ్డీతో కట్టడం, చాలా చోట్ల ఆ పంటను కూడా అదే షావుకారి కాంటా మీద పెట్టడం ఈ జిల్లాల ఆనవాయితీ. ఉద్దెర ఖాతా దుకాణదారు పుస్తకంలో ఉంటుంది, రైతుకు దక్కేది మహా అయితే లాట్ నంబరు లేని ఒక తెల్ల చిట్టీ. బిల్లు అడిగితే వచ్చే ఏడు ఉద్దెర పుట్టదన్న భయం ఉంటుంది. గమనించవలసిన సంగతి ఏమిటంటే, చట్టం ఈ పరిస్థితిని ముందే ఊహించింది. 1983 నాటి విత్తనాల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం ప్రతి డీలరు కొన్నవారికి నగదు రసీదు గాని, అరువు రసీదు గాని ఇచ్చి తీరాలి. వినియోగదారుల చట్టం కూడా డబ్బు చెల్లించినవారితో సమానంగా, తరువాత చెల్లిస్తానని మాట ఇచ్చి కొన్నవారిని వినియోగదారులుగానే గుర్తిస్తుంది. కాబట్టి ఉద్దెరకు కొన్నావు గనుక బిల్లు లేదన్న మాటకు చట్టంలో ఆధారమే లేదు. వ్యవసాయ శాఖ తనిఖీలు నకిలీ విత్తనాల సంచులు పట్టుకోవడం మీద ఎంత శ్రద్ధ పెడుతున్నాయో, అరువు రసీదు పుస్తకాలను పరిశీలించడం మీద అంతే శ్రద్ధ పెట్టవలసి ఉంది.

గడ్డిమందును తట్టుకొంటుందని చెప్పి అనుమతి లేకుండా అమ్ముతున్న పత్తి విత్తనం ఈ సమస్యను మరింత జటిలం చేసింది. మంచిర్యాల, ఆసిఫాబాద్ వైపు లూజుగా, పేరులేని సంచులలో చేరే ఈ గింజలకు లాట్ లేదు, లేబుల్ లేదు, బాధ్యుడైన కంపెనీ లేదు. కలుపు తీయించడానికి కూలీల ఖర్చు భరించలేక వాటి వైపు మొగ్గుతున్న రైతును నిందించి ప్రయోజనం లేదు గాని, ఆ పంట పోతే అతను ఫిర్యాదు రాయడానికి కూడా ఎదుటి పక్షం పేరు దొరకదు.

2019లో పాత చట్టం స్థానంలో వచ్చి 2020 జూలై నుంచి అమలవుతున్న కొత్త వినియోగదారుల రక్షణ చట్టం ఫోరంలను కమిషన్లుగా మార్చి, కొన్నవారు తాము నివసించే చోటనే ఫిర్యాదు చేసుకొనే వీలు కల్పించింది. 5 లక్షల రూపాయల లోపు వ్యవహారాలకు రుసుము లేదు, ఫిర్యాదును ఆన్‌లైన్‌లో పంపవచ్చు, 1915 నంబరుకు ఫోన్ చేసి సలహా పొందవచ్చు; ఫిర్యాదుకు గడువు మాత్రం రెండేళ్లే. ప్రతి జిల్లాలో ఒక కమిషన్ ఏర్పాటు చేయాలని ఈ చట్టమే చెబుతున్నది. 2016 అక్టోబరు 11న కరీంనగర్ నుంచి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల, ఆదిలాబాద్ నుంచి నిర్మల్, మంచిర్యాల, కొమురం భీం ఆసిఫాబాద్ వేరుపడినా, కమిషన్లు పాత జిల్లా కేంద్రాలలోనే ఉండిపోయాయి. కాగజ్‌నగర్ అవతలి పత్తి రైతు తన ఫిర్యాదు విచారణకు వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణించి ఆదిలాబాద్ చేరవలసి రావడం ఆ చట్టపు ఉద్దేశానికి విరుద్ధం. మంచిర్యాలలో, ఆసిఫాబాద్‌లో, జగిత్యాలలో కమిషన్లు నెలకొల్పే దాకా, కనీసం పంట నష్టాల కేసులు ఎక్కువగా వచ్చే నెలలలోనైనా ఆ పట్టణాలలో విచారణలు జరపాలని రైతు సంఘాలు, వినియోగదారుల సంఘాలు కలిసి ప్రభుత్వాన్ని కోరవలసి ఉంది.